మెదడుకు పదును: యంత్రం కావాలా, అభ్యాసం చాలా?



మన హాస్టళ్లలో తరచుగా వినిపించే మాట ఒకటుంది: "నాది మొద్దు బుర్ర, నాకు చదువెక్కదు." ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చినవారిలో ఈ మాట ఇంకా ఎక్కువ. సుగ్గికని అమ్మానాయనల వెంట గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయి, నెలల తరువాత వచ్చి తరగతిలో కూర్చుంటే పాఠం అర్థం కాదు. అది బుర్రలోని లోపం కాదు, పోయిన పాఠాల లోటు. ఈ తేడా తెలియక చదువు మానేసిన మిత్రులను మేము చూశాము. ఇంకోవైపు, యంత్రంతో మెదడు శక్తిని పెంచుతామని వేలకు వేలు అడిగే ప్రకటనలు కనిపిస్తున్నాయి. కనుక మెదడు శిక్షణలో నిజమెంత, మనకు పనికివచ్చేదేమిటి అన్నది ఈ వ్యాసంలో వివరించదలచాము.

మెదడు తరంగాలు

మనిషి మెదడు బరువు సుమారు 1,400 గ్రాములు. శరీర బరువులో ఇది 2 శాతమే అయినా, శరీరం వాడే శక్తిలో దాదాపు 20 శాతం దీనికే పోతుంది. ఇందులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. అవి ఒకదానితో ఒకటి సన్నని విద్యుత్ సంకేతాలతో మాట్లాడుకుంటాయి. 1924లో జర్మనీ వైద్యుడు హాన్స్ బెర్గర్ ఈ విద్యుత్తును తల పైనుంచే తొలిసారి నమోదు చేశాడు. దీనినే ఇ.ఇ.జి. అంటాము. గాఢనిద్రలో సెకనుకు 4 కన్నా తక్కువ సార్లు కదిలే డెల్టా తరంగాలు, కళ్లు మూసుకుని ప్రశాంతంగా ఉన్నప్పుడు 8 నుంచి 12 సార్లు కదిలే ఆల్ఫా తరంగాలు, చురుకుగా ఆలోచించేటప్పుడు అంతకన్నా వేగంగా కదిలే బీటా తరంగాలు ఎక్కువగా కనబడతాయి.

న్యూరోఫీడ్‌బ్యాక్ అంటే ఏమిటి?

1950ల చివరలో షికాగో విశ్వవిద్యాలయంలో జో కమియా అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. కళ్లు మూసుకున్న మనిషికి గంట వినిపించి, "ఇప్పుడు నీ మెదడులో ఆల్ఫా ఉందా, లేదా?" అని అడిగేవాడు. జవాబు తప్పో ఒప్పో వెంటనే చెప్పేవాడు. మొదట్లో అన్నీ ఊహలే. రోజులు గడిచేకొద్దీ ఒప్పులు పెరిగాయి. అంటే, ఫలితం వెంటనే తెలిస్తే మనిషి తన మెదడు స్థితిని కూడా గుర్తుపట్టడం నేర్చుకోగలడన్నమాట.

నేటి న్యూరోఫీడ్‌బ్యాక్ కూడా ఇదే సూత్రంతో నడుస్తుంది. తలకు చిన్న సెన్సార్లు అంటించి, ఎదురుగా కంప్యూటర్లో ఆటో, సినిమానో పెడతారు. కావలసిన తరంగం పెరిగితే బొమ్మ స్పష్టంగా కనిపిస్తుంది, తగ్గితే మసకబారుతుంది. తలలోకి కరెంటు ఏమీ పంపరు. ఇటువంటి శిక్షణ 30, 40 సార్లు ఇస్తారు. బెంగళూరులోని నిమ్హాన్స్‌లో తలకు దెబ్బ తగిలినవారికి ఈ శిక్షణ ఇచ్చి పరిశోధనలు చేశారు.

మరి యంత్రం అందరికీ తెలివి పెంచుతుందా? 2021లో అమెరికాలో ప్రచురించిన ఒక పరిశోధనను చూద్దాం. ఏకాగ్రత లోపమున్న 7 నుంచి 10 ఏళ్ల పిల్లలు 144 మందిని తీసుకున్నారు. కొందరికి అసలు శిక్షణ, మిగిలినవారికి అలాగే కనిపించే ఉత్తుత్తి శిక్షణ ఇచ్చారు. రెండు జట్లూ దాదాపు సమానంగానే మెరుగుపడ్డాయి. యంత్రం వల్లనే ప్రత్యేకంగా కలిగిన మేలు కనబడలేదు. కనుక డబ్బు పోసి తెలివి కొనుక్కోవచ్చని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

మన దగ్గరున్న ఫీడ్‌బ్యాక్

సూత్రం మాత్రం విలువైనదే. తప్పు వెంటనే కనబడాలి, వెంటనే దిద్దుకోవాలి. ఎమ్మిగనూరు మగ్గాల మీద ఇది రోజూ జరిగే పనే. పోగు తెగితే నేతకారుడు అక్కడే ఆగి ముడి వేస్తాడు. బట్టంతా నేశాక చూసుకుంటే లాభమేముంది? చదువు కూడా అంతే.

1. చూడకుండా రాయండి. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అనే శాస్త్రవేత్తలు ఒక పాఠాన్ని కొందరితో నాలుగుసార్లు చదివించారు. మరికొందరితో ఒకసారి చదివించి, మూడుసార్లు చూడకుండా రాయించారు. వారం తరువాత మొదటివారికి 40 శాతం, రెండవవారికి 61 శాతం గుర్తుంది. స్టడీ అవర్‌లో పుస్తకం మూసి, గుర్తున్నది రాసి, మళ్లీ తెరిచి దిద్దుకోండి. ఇదే మన న్యూరోఫీడ్‌బ్యాక్!

2. ఎడం ఇచ్చి చదవండి. ఈరోజు చదివినదాన్ని రేపు, మూడో రోజు, వారానికి ఒకసారి గుర్తు చేసుకోండి. పరీక్ష ముందు రాత్రి ఒక్కసారే చదివినది త్వరగా పోతుంది.

3. నిద్ర మానవద్దు. పగలు నేర్చినదాన్ని మెదడు నిద్రలోనే పదిలపరుస్తుంది. మన వయసువారిలో స్కూలు పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం. తెల్లవారుజామున లేవాలంటే రాత్రి త్వరగా పడుకోవాలి.

4. రక్తహీనతను గమనించండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ప్రతి 10 మంది స్త్రీలలో దాదాపు 6గురికి రక్తహీనత ఉంది. ఇనుము తగ్గితే నీరసం వస్తుంది, చదువు మీద మనసు నిలవదు. చెల్లెళ్లారా, బడిలో వారానికొకసారి ఇచ్చే నీలం మాత్రను పారవేయవద్దు. ఆకుకూరలు, బుడ్డలు, గుడ్డు తినండి. పప్పులో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా వంటబడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే ఆ మేలు తగ్గుతుంది.

5. ఆడండి. కబడ్డీ ఆడినా, మైదానం చుట్టూ పరుగెత్తినా మెదడుకు రక్తప్రసరణ పెరుగుతుంది, మనసు తేలికపడుతుంది.

మెదడు మారుతుంది

లండన్ నగరంలో టాక్సీ డ్రైవర్లు లైసెన్సు కోసం వేల వీధులను కంఠస్థం చేయాలి. 2011లో ప్రచురించిన పరిశోధనలో, ఆ శిక్షణ పూర్తిచేసి నెగ్గినవారి మెదడులో జ్ఞాపకానికి సంబంధించిన భాగం పెరిగినట్లు తేలింది. శిక్షణకు ముందు వారి మెదడు అందరిలాంటిదే. అభ్యాసమే దానిని మార్చింది.

మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. ఇంట్లో పాఠం చెప్పేవారు లేరు, ట్యూషన్ లేదు. హాస్టల్లో ఒకరినొకరం ప్రశ్నలు అడుగుకుంటూ చదివాము. కాబట్టి తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, సుగ్గి నుంచి ఆలస్యంగా వచ్చిన మిత్రుడు పక్కన కూర్చుంటే మొద్దు అని ఎగతాళి చేయకండి. పోయిన పాఠాలను రోజుకు ఒక్కటి చొప్పున చెప్పండి, ప్రశ్న అడగండి, తప్పును దిద్దండి. అతడు నేర్చుకుంటాడు, చెప్పిన మీకూ పాఠం గట్టిగా గుర్తుంటుంది. ఈ ఏడాది మన హాస్టల్లో చదువు మానేసేవారు ఒక్కరూ ఉండరని ఆశిస్తున్నాము.