పదిహేను గుర్తుల పేరు, మూడు గుర్తుల తోక

కంపెనీలు తమ ఖాతాదారుల వివరాలు దాచుకునే సేల్స్‌ఫోర్స్‌లో డేటా ఎక్స్‌పోర్ట్ పెట్టి, ఫైళ్ళు కూడా కావాలని టిక్కు కొట్టి, మెయిల్‌లో వచ్చిన లింకు పట్టుకుని జిప్‌లు దించుకున్నవాళ్ళందరికీ ఒకటే దృశ్యం ఎదురవుతుంది. కొటేషన్లు, ఇన్‌వాయిస్‌లు, సంతకాలు పడిన ఒప్పందాలు, సైట్ ఫోటోలు, ఇలా కంపెనీ ఏళ్ళ తరబడి పోగేసినవన్నీ కంటెంట్‌వెర్షన్ అనే ఫోల్డరులో కుప్పగా ఉంటాయి. ఒక్కదానికీ అసలు పేరుండదు. ఇది పీడీఎఫ్, ఇది ఫోటో అని చెప్పే ఎక్స్‌టెన్షన్ కూడా ఉండదు. అన్నీ 068తో మొదలయ్యే 18 గుర్తుల వరసలే. డబుల్ క్లిక్ చేస్తే, దీన్ని దేంతో తెరవాలని విండోస్ తిరిగి మనల్నే అడుగుతుంది.

ఎక్స్‌పోర్ట్ పాడయిందని కొత్తవాళ్ళు కంగారుపడతారు. పాడవలేదు. నిజానికి ఇంతకన్నా మంచి పద్ధతి లేదు కూడా. ‘ఇన్‌వాయిస్’ అనే పేరుతో ఒకే కంపెనీలో వందమంది వంద ఫైళ్ళు ఎక్కించి ఉంటారు. అసలు పేర్లతో ఒకే ఫోల్డరులోకి దించితే ఒకదాన్నొకటి తుడిచేసుకుంటాయి. ఐడీ మాత్రం ఏ రెండిటికీ ఒకటి కాదు. పక్కనే వచ్చిన సీఎస్‌వీలో ఏ ఐడీకి ఏ పేరో రాసి ఉంటుంది, చిన్న స్క్రిప్టుతో పేర్లు మార్చుకోవచ్చు.

ఇక్కడొక చిక్కుముడి ఉంది. సేల్స్‌ఫోర్స్ రిపోర్టుల్లో కనిపించే ఐడీలకు 15 గుర్తులే. ఎక్స్‌పోర్ట్‌లో 18. ఆ చివరి మూడూ ఎక్కడివి?

1999లో శాన్‌ఫ్రాన్సిస్కోలో, టెలిగ్రాఫ్ హిల్ మీద ఒక అద్దె అపార్ట్‌మెంటులో మార్క్ బెనియాఫ్, పార్కర్ హారిస్, మరో ఇద్దరు మొదలుపెట్టిన కంపెనీ ఇది. ఖాతాదారులందరి రికార్డులూ ఉమ్మడి డేటాబేసులోనే ఉంటాయి కాబట్టి ప్రతి రికార్డుకూ తిరుగులేని గుర్తింపు కావాలి. మొదటి మూడు గుర్తులు అది ఏ జాతి రికార్డో చెబుతాయి: 001 అయితే ఖాతా, 003 అయితే కాంటాక్టు, 068 అయితే ఫైలు వెర్షను. మిగతావాటిలో ఎక్కువ భాగం, అంటే తొమ్మిది స్థానాలు, వరస సంఖ్యే. ఆ సంఖ్యను పది అంకెలతో కాక 62 గుర్తులతో రాశారు: అంకెలు 10, పెద్ద ఇంగ్లీషు అక్షరాలు 26, చిన్నవి 26. పెద్దా చిన్నా తేడా చూడకుండా 36 గుర్తులతో సరిపెట్టుకుంటే ఆ తొమ్మిది స్థానాల్లో సుమారు ఒక కోటి కోట్ల సంఖ్యలు పడతాయి. 62తో అయితే దాదాపు 135 కోట్ల కోట్లు. ఈ ఆశ ఎవరికి ఉండదు!

కానీ ఈ లెక్కంతా పెద్ద ఏ, చిన్న ఏ వేరు వేరని నమ్మే లోకంలోనే చెల్లుతుంది. యూనిక్స్‌ది ఆ లోకం. విండోస్‌ది కాదు. ఫైలు పేర్లన్నిటినీ పెద్ద అక్షరాల్లోకి మార్చేసే అలవాటు సీపీ/ఎమ్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి ఎమ్మెస్-డాస్‌కు వచ్చింది, దాన్నుంచి విండోస్‌కు. ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన ప్రతి డిస్కులోనూ అప్‌కేస్ అనే 128 కేబీ పట్టిక దాగి ఉంటుంది. 65,536 గుర్తుల్లో ఒక్కోదానికీ పెద్ద రూపమేదో అందులో రాసి ఉంటుంది. రెండు పేర్లు ఒకటేనా అని తేల్చడానికి విండోస్ ఆ పట్టిక మీదుగానే చూస్తుంది. (మన ‘క’కు ఎదురుగా మళ్ళీ ‘క’నే ఉంటుంది, తెలుగుకు ఈ తలనొప్పి లేదు.) ఎక్సెల్‌ది కూడా అదే దారి, అందులో వెతికిపెట్టే వీలుకప్ ఫార్ములాకు పెద్దా చిన్నా తేడా తెలియదు.

అంటే 15 గుర్తుల ఐడీలే ఫైలు పేర్లయితే, ఒక్క అక్షరం సైజులో మాత్రమే తేడా ఉన్న రెండు ఫైళ్ళు విండోస్ ఫోల్డరులో ఒకే చోటుకు పోటీ పడతాయి. వరస సంఖ్యలు కాబట్టి అలాంటి కవలలు అరుదేమీ కాదు.

మూడు గుర్తుల తోక దీనికి మందు. 15 గుర్తులనూ అయిదేసి చొప్పున మూడు గుంపులు చెయ్యాలి. ఒక్కో గుంపును అయిదు స్విచ్‌ల బోర్డు అనుకోండి: పెద్ద అక్షరమైతే స్విచ్ ఆన్, చిన్న అక్షరమో అంకో అయితే ఆఫ్. స్విచ్‌ల విలువలు ఎడమ నుంచి వరసగా 1, 2, 4, 8, 16. ఆన్‌లో ఉన్నవాటిని కూడితే 0 నుంచి 31 దాకా ఏదో ఒక సంఖ్య వస్తుంది. మొత్తం 32 అవకాశాలు. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు 26కు 0 నుంచి 5 దాకా అంకెలు ఆరు కలిపితే సరిగ్గా 32!

ఒక గుంపులో పెద్ద ఏ, పెద్ద బీ, చిన్న సీ, పెద్ద డీ, చిన్న ఈ ఉన్నాయనుకుందాం. 1, 2, 8 కలిపితే 11. ఏను సున్నాగా లెక్కపెడితే 11 దగ్గర ఎల్ తగులుతుంది. దాని కవలలో సీ కూడా పెద్దదైతే మరో 4 చేరి 15, అంటే పీ. అసలు ఐడీలు విండోస్‌కు ఒకేలా కనిపించినా ఒకదాని తోకలో ఎల్, రెండోదాని తోకలో పీ. తోకలో చిన్న అక్షరాలకు చోటే లేదు కనుక దానికా జబ్బు అంటదు.

ఇంకో సొగసు ఉంది. ఎవరో ఐడీ మొత్తాన్ని పెద్ద అక్షరాల్లోకి మార్చేసినా, తోకను వెనక్కి విప్పితే ఏ అక్షరం పెద్దదో ఏది చిన్నదో తిరిగి తెలిసిపోతుంది. చాలామంది దీన్ని చెక్‌సమ్ అంటారు గానీ ఆ పేరు దీనికి అతకదు, చెక్‌సమ్ పని తప్పును పట్టడం. ఆధార్ సంఖ్యలో పన్నెండో అంకె వెర్హాఫ్ పద్ధతిలో వస్తుంది. ఒక్క అంకె తప్పుకొట్టినా పట్టేస్తుంది. ఇక్కడ చిన్న సీ బదులు చిన్న డీ కొడితే తోక మారదు, తప్పు బయటపడదు.

ఆ తరవాత కేస్‌సేఫ్‌ఐడీ అనే ఫార్ములా వచ్చి 15ను 18 చేసే పనిని ఒక్క మాటకు కుదించింది. 2018లో విండోస్ 10, ఫోల్డరు వారీగా పెద్దా చిన్నా తేడా పాటించే వెసులుబాటిచ్చింది, వాడేవాళ్ళు తక్కువ. 2020 చివర్లో హైపర్‌ఫోర్స్ అనే కొత్త ఏర్పాటు ప్రకటించి సేల్స్‌ఫోర్స్ తన సర్వర్లు దాటి అమెజాన్ లాంటివారి క్లౌడ్‌లోకి కదిలింది, పాత ఐడీలు మారలేదు.

పేర్లు తిరిగి అతికించే స్క్రిప్టు రాసేవాళ్ళకు తెలుగులో పేరు పెట్టిన ఫైళ్ళు మరో మెలిక పెడతాయి. ఎక్స్‌పోర్ట్ పెట్టేటప్పుడే ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకోవాలి. ఆ సీఎస్‌వీని నేరుగా డబుల్ క్లిక్ చేస్తే ఎక్సెల్ చాలాసార్లు తెలుగును పిచ్చిగీతలుగా చూపిస్తుంది. డేటా మెనూలోంచి టెక్స్ట్/సీఎస్‌వీగా తెరిచి, ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 (అంటే యూటీఎఫ్-8) పెడితే అక్షరాలు కుదురుకుంటాయి.