నీరు ఒక అమానతు

నిలిచి ఉన్న నీటిలో మూత్రవిసర్జన చేయరాదని దైవప్రవక్త ముహమ్మద్ (స) వారించారు. ఒక్క మనిషి కలిగించే మాలిన్యాన్నే ఇంత తీవ్రంగా పరిగణించిన ధర్మం, వేలాది కుటుంబాలు తాగే నీటిలో విషరసాయనాలు కలపడాన్ని ఎలా చూస్తుందో వేరే చెప్పనవసరం లేదు. దాహానికి, వంటకు, వుజూకు నీటినే ఆశ్రయించే మనం ఈ సమస్యను పరులదిగా భావించి వదిలివేయలేము.

ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాలోని చింతపల్లి అటవీ ప్రాంతంలో, జెర్రెల కొండలలో బాక్సైట్ ఖనిజం ఉంది. దాని తవ్వకానికి 1,212 హెక్టార్ల అటవీభూమిని అప్పగిస్తూ 2015 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 97వ నంబరు ఉత్తర్వు జారీ చేసింది. ఆదివాసీలు గట్టిగా వ్యతిరేకించారు. 2019లో ఆ ఉత్తర్వు రద్దయింది. వారి ఆందోళన భూమి కోసం మాత్రమే కాదు. ఊటలు, వాగులే ఆ కొండలలోని పల్లెలకు తాగునీరు. కొండను తవ్వితే ఊటలు ఎండిపోతాయని, వాగులు కలుషితమవుతాయని వారు భయపడ్డారు.

బాక్సైట్ తవ్వకంతో పని ముగియదు. శుద్ధి కర్మాగారంలో దానిని కాస్టిక్ సోడాతో వేడిచేసి అల్యూమినా తీస్తారు. మిగిలే ఎర్రబురదకు తీవ్రమైన క్షారగుణం ఉంటుంది. 2010 అక్టోబరు 4న హంగరీలోని అజ్కా పట్టణం వద్ద అటువంటి బురద నిల్వచేసిన గట్టు తెగి 10 మంది మరణించారు; మార్కాల్ నదిలో జలచరాలు నశించాయి.

చింతపల్లి ప్రజలు ముందుగానే మేల్కొన్నారు. హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరులో మాత్రం నష్టం జరిగిన తరువాత పోరాటం మొదలైంది. అక్కడి కర్మాగారాల వ్యర్థాలు నక్కవాగులోకి, దాని ద్వారా మంజీరాలోకి చేరాయి. డాక్టర్ కిషన్ రావు వంటివారు దశాబ్దాలపాటు పోరాడారు. 1990లోనే వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరింది. అయినా 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ప్రకారం, సుమారు 90 ఔషధ సంస్థల వ్యర్థజలాలను శుద్ధిచేసే కేంద్రం నుండి వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉంది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండే మోతాదుకన్నా ఇది ఎక్కువ. ఆ పరిసర గ్రామాల బావులలోనూ మందుల అవశేషాలు బయటపడ్డాయి. ఇలాంటి నీటిలో బతికే సూక్ష్మజీవులు మందులకు లొంగకుండా తయారవుతాయి. అప్పుడు మన బిడ్డకు జబ్బు చేస్తే వైద్యుడు రాసే మందు పనిచేయకపోవచ్చు.

ఇతర రసాయనాల హాని కూడా చిన్నది కాదు. సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఆర్సెనిక్ చర్మవ్యాధులకు, క్యాన్సరుకు దారితీస్తుంది. నైట్రేట్ అధికమైతే శిశువుల రక్తం ప్రాణవాయువును సరిగా మోయలేదు.

గృహిణులకు మేము ముఖ్యంగా గుర్తుచేసేది ఒకటుంది. నీటిని మరిగిస్తే క్రిములు చస్తాయి. సీసం, ఆర్సెనిక్, నైట్రేట్ మాత్రం పోవు. పైగా ఆవిరైన నీటి మేరకు వాటి గాఢత పెరుగుతుంది. నీరు తేటగా ఉన్నంత మాత్రాన శుద్ధమని నమ్మరాదు. కర్మాగారాల సమీపంలో నివసించేవారు తమ బావి, బోరు నీటిని గ్రామీణ నీటి సరఫరా విభాగపు ప్రయోగశాలలో పరీక్ష చేయించుకోవాలి. దోషం తేలితే ఇరుగుపొరుగుతో కలిసి పంచాయతీకి, కాలుష్య నియంత్రణ మండలికి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. అది మన ఇంటి కోసమే కాదు, అదే నీటిని తాగే పొరుగువారి కోసం కూడా. పొరుగువారు ఏ మతస్థులైనా వారి హక్కు మనపై ఉన్నది.

భూగర్భజలం ఒకసారి విషమైతే దానిని శుద్ధిచేయడానికి ఒక తరం చాలదు. అందుకే ముందుగా అడ్డుకోవడమే అమానతును కాపాడే మార్గం.