బడి అన్నం - బిడ్డల హక్కు

మధ్యాహ్నం బడి గంట కొడతారు. పిల్లలు పళ్ళాలు పట్టుకుని బారుగా కూర్చుంటారు. వేడి వేడి అన్నం, పప్పు తింటారు.

ఈ అన్నం ఎవరు ఇస్తున్నారు? మేష్టారా? సర్పంచా? కాదు. ఇది ఎవరి దయా కాదు. చట్టం ఇచ్చిన హక్కు.

ఈ హక్కు ఎలా వచ్చింది?

1995 ఆగస్టు 15న ఈ పథకం మొదలైంది. అప్పుడు చాలా రాష్ట్రాల్లో బడిలో వండలేదు. బిడ్డకు నెలకు 3 కిలోల గింజలు ఇచ్చేవారు. అవి ఇంట్లో అందరి కడుపులోకీ పోయేవి. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఒక ఆర్డరు ఇచ్చింది. బడిలోనే వండి పెట్టాలని చెప్పింది. మన తెలుగునాట 2003 జనవరిలో బడి పొయ్యి వెలిగింది. 2013లో ఆహార భద్రత చట్టం వచ్చింది. 2015లో దానికి రూల్సు వచ్చాయి.

చట్టం ఏం చెబుతోంది?

సర్కారు బడిలో, సర్కారు సాయం పొందే బడిలో 8వ తరగతి వరకు పిల్లలకు రోజూ ఒక పూట ఉచితంగా అన్నం పెట్టాలి. సెలవు రోజుల్లో ఉండదు.

5వ తరగతి వరకు ఒక్కో బిడ్డకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు వండాలి. 6 నుంచి 8వ తరగతి వరకు 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు వండాలి. కూరగాయలు కూడా ఉండాలి. వడ్డించే ముందు ఇద్దరు ముగ్గురు పెద్దలు రుచి చూడాలి. అందులో ఒకరు టీచరు అయి ఉండాలి.

వండకపోతే?

బియ్యం రాలేదంటారు. వంట మనిషి రాలేదంటారు. కారణం ఏదైనా, బిడ్డ హక్కు పోదు. ఆ రోజు బియ్యం, వంట ఖర్చు డబ్బు బిడ్డకు ఇవ్వాలి. వచ్చే నెల 15వ తేదీలోగా ఇవ్వాలి. వరుసగా 3 రోజులు వండకపోతే తప్పు ఎవరిదో సర్కారు తేల్చాలి. నెలలో 5 రోజులు వండకపోయినా అంతే.

మనం ఏం చేయాలి?

వంట చేసే అక్కతో తగువు పడవద్దు. బిల్లులు రాక, అప్పు తెచ్చి వండే అక్కలు ఉన్నారు. ఆమె మాట కూడా వినండి.

బడి కమిటీ మీటింగుకు పోండి. ఆ కమిటీలో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. ఇదీ చట్టమే.

అక్కల్లారా! మనకు ఇప్పుడు రాయడం వచ్చు. వంట లేని రోజున తేదీ రాసి పెట్టుకోండి. నలుగురు తల్లులు కలిసి ఆ కాగితం పట్టుకుని హెడ్మాష్టరు దగ్గరికి పోండి. ఆ రోజు బియ్యం, డబ్బు ఎప్పుడిస్తారో అడగండి.