సున్నం గీకేటప్పుడు దుమ్ము ఇల్లంతా పరుచుకోకుండా ఏం చేయాలి?

రంజాన్ దగ్గర పడుతోందంటే మన ఇండ్లల్లో రంగుల పని మొదలవుతుంది. కరీంనగర్, జగిత్యాల, నిర్మల్, ఆదిలాబాద్‌లోని పాత ఇండ్లల్లో పైకప్పుకు ఏండ్ల తరబడి వేసిన సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంటుంది. దాన్ని గీకనిదే కొత్త లప్పం పట్టదు. అట్లని ఇల్లు ఖాళీ చేసి ఎక్కడికి పోతాం? ముందు గదిలో గీకుతుంటే లోపలి గదిలో దాదీ దగ్గుతూనే ఉంటుంది.

కింద పడే పెచ్చులను ఊడ్చి పారేయొచ్చు. అసలు ఇబ్బంది కంటికి కనిపించని సన్నని దుమ్ముతోనే. అది గంటల తరబడి గాలిలో తేలి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆయాసం, ఆస్తమా ఉన్నవాళ్లకు, చిన్నపిల్లలకు ఎక్కువ కష్టం.

తడిపి గీకాలి

దుమ్ము లేచాక పట్టుకోవడం కష్టం, లేవకుండా చూడడమే తేలిక. ముందుగా ఆ గదికి కరెంటు బంద్ చేయించండి. స్ప్రేతో పైకప్పును కొంచెం కొంచెంగా తడిపి, పావుగంట ఆగి గీకమనండి. సున్నం నీళ్లు పీల్చుకుని మెత్తబడుతుంది, ముద్దలుగా రాలుతుంది. ఆయిల్ పెయింట్ అయితే నీళ్లు పీల్చదు. అందుకే ముందు ఒక మూలన చేసి చూడండి. మిషన్‌తో పొడిగా అరగదీయనీయొద్దు. లోపలి ప్లాస్టర్‌లో ఇసుక ఉంటుంది, ఆ పొడి గ్రానైట్ దుమ్ము లాంటిదే.

ఒక్కో గదిగా చేయించండి

సామాను బయటపెట్టి, మిగిలినదానిపై, నేలపై ప్లాస్టిక్ కవర్ పరవండి. తలుపుకు కవర్ కట్టి అంచులకు టేప్ వేయండి, గడప దగ్గర తడి గోనెసంచి వేయండి. ఆదిలాబాద్ చలికి కిటికీలు మూసేస్తారు కానీ, ఈ పని జరిగేటప్పుడు బయటివైపు కిటికీ తెరిచే ఉంచాలి. ఫ్యాన్, కూలర్ వేయొద్దు. పనివాళ్లకు ఎన్95 మాస్కులు ఇవ్వండి, ముఖానికి దస్తీ కట్టుకుంటే చాలదు.

పని అయ్యాక పొడి చీపురు పట్టొద్దు. కవర్‌ను లోపలికి మడిచి సంచిలో మూట కట్టండి, తర్వాత తడిబట్టతో రెండుసార్లు తుడవండి. మామూలు వాక్యూమ్ క్లీనర్ సన్నని దుమ్మును వెనక నుంచి మళ్లీ గదిలోకే వదులుతుంది.

ఇవి మాత్రం గీకొద్దు

పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. దాని పోగులు క్యాన్సర్ తెస్తాయి. రేకులను గీకడం, తోమడం, రంధ్రాలు వేయడం వద్దు. పాత ఆయిల్ పెయింట్లలో సీసం ఉండొచ్చు. ఇండ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటొద్దని కేంద్రం 2016లోనే నిబంధనలు తెచ్చింది, కానీ గోడమీదున్నది అంతకుముందుదైతే? సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. పొర గట్టిగా ఉంటే గీకకుండా పైనుంచే రంగు వేయించండి.

కూలీ మాట్లాడుకునేటప్పుడే మేస్త్రీకి ‘తడిపి గీకాలి’ అని చెప్పండి. ఇంకో రోజు పని పెరగొచ్చు. ఆ రోజు కూలీ దాదీ మందుల ఖర్చు కన్నా తక్కువే.