పుటకొలత మారినపుడు

ఏ4 కొలతలో కట్టి ముగించిన నూరు పుటల ప్రత్యేక సంచికను, అచ్చునకు పంపవలసిన వారమునందే, డెమ్మీ కొలతకు మార్పవలెనని సంపాదకుడు కోరినచో, పేజీలు కట్టువానికి ఎంతటి శ్రమ కలుగునో ఆ పని యెరిగినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. శీర్షికలను, బొమ్మలను, వాని క్రింది వివరణలను, రెండు కాలములుగ పారు వచనమును, పుటసంఖ్యలను ఒక్కొక్కటిగ పట్టి జరపుచు, అదే పనిని నూరుమారులు చేయవలసి వచ్చును. పుటకొలత మారగనే అందలి వస్తువులు తమంతట తాము సర్దుకొనునట్లు చేయు సాధనము నేటి పుటవిన్యాస సాఫ్ట్‌వేరునందు కలదు. అయినను మన డీటీపీ కేంద్రములలో దానిని వాడువారు, నేను చూచినంతలో, అరుదు. మీట నొక్కగనే పని ముగియునని తలచి చేపట్టినవారు తొలి ప్రయత్నముననే పుట చెదరుట గాంచి దానిని విడిచిపెట్టుదురు.

1985లో ఆల్డస్ సంస్థ వెలువరించిన పేజ్‌మేకర్ తొలిరూపమున పుటయందలి ప్రతి వస్తువునకును స్థానమే సర్వస్వము: పై యంచునుండి ఇంత దూరము, ఎడమ యంచునుండి ఇంత దూరము అను రెండు సంఖ్యలు. పుటను కుదించినను ఆ సంఖ్యలు మారవు గనుక, కుడివైపు నున్న బొమ్మ పుటను దాటి వెలుపల నిలుచును. స్థానమునకు మారుగ సంబంధమును చెప్పవచ్చునని అంతకు ఎంతోముందే, 1963లో, అమెరికాలోని ఎమ్.ఐ.టి.యందు ఐవన్ సదర్లాండ్ తన స్కెచ్‌పాడ్ ద్వారా నిరూపించియుండెను. ఈ రెండు రేఖలు సమాంతరములుగ నుండవలెను, ఈ బిందువు ఆ రేఖపైననే నిలువవలెను అని నియమించిన చాలును. వానికి సరిపడు స్థానములను యంత్రమే గణించును. 2012లో అడోబీ సంస్థ తన ఇన్‌డిజైన్ సి.ఎస్.6 నందు ప్రవేశపెట్టిన ‘లిక్విడ్ లేఅవుట్’లో కానవచ్చునది ఈ ఆలోచనయే.

ఇందలి నియమములలో మిక్కిలి సులభమైనది పుటనంతటిని ఒక ఛాయాచిత్రమువలె కుదించుట. ఏ4 నుండి ఏ5కు మారునపుడు ఇది చక్కగ సరిపడును. ఏలయన ఆ రెండు కాగితములకును ఎత్తు వెడల్పుల నిష్పత్తి ఒకటే, రెండు యొక్క వర్గమూలము. కాని మన పుస్తకములకు వాడుకయైన డెమ్మీ వన్-బై-ఎయిట్ సుమారు ఐదున్నర అంగుళముల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళముల ఎత్తు గలది; దాని నిష్పత్తి వేరు. వెడల్పునకు సరిపోవునట్లు కుదించినచో పైనను క్రిందను సుమారు తొమ్మిదేసి మిల్లీమీటర్ల వట్టి చోటు మిగులును. వస్తువులను కుదింపక పుట నడుమకు చేర్చు నియమము మరియొకటి కలదు గాని, పుట చిన్నదైనపుడు అంచులు తెగిపోవును గనుక మన పనికి అది రాదు.

నిజమైన సారము ఒక్కొక్క వస్తువునకు వేరువేరుగ నియమము విధించుటయందున్నది. ఒక చట్రమును ఎంచుకొని, దాని నాలుగు వైపులలో ఏ వైపును పుట అంచునకు గుచ్చి నిలుపవలెనో, దాని వెడల్పును ఎత్తును మారనీయవలెనో కూడదో చెప్పవలెను. పుటసంఖ్యను క్రింది యంచునకును వెలుపలి యంచునకును గుచ్చి, దాని పరిమాణమును స్థిరముగ నుంచినచో, పుట ఎంత మారినను ఆ సంఖ్య తన మూలను విడువదు. శీర్షికను ఎడమ కుడి యంచులు రెంటికిని గుచ్చినచో దాని వెడల్పు మారక తప్పదు: 210 మిల్లీమీటర్ల పుటలో ఇరుప్రక్కల ఇరువదేసి పోగా 170 ఉన్న చట్రము, 140 మిల్లీమీటర్ల పుటలో 100 అగును. ఎడమ మార్జిను, వెడల్పు, కుడి మార్జిను అను మూటిలో రెంటిని నిలిపి మూడవదానిని విడువవలెను. మూడింటిని నిలుపజూచుట గణితమునకే విరుద్ధము. పుట చెదరినదని వాపోవువారిలో పలువురు ఏ రెంటిని నిలుపవలెనో ముందుగ నిర్ణయించుకొననివారే.

ఇచట మరువరాని సంగతి యొకటి కలదు. ఈ నియమము చట్రమును మార్చునే గాని అందలి అక్షరముల పరిమాణమును మార్చదు. పై కొలతలలోనే అన్ని మార్జినులను ఇరువదేసిగ నుంచినచో, ఏ4 పుటలోని వచనక్షేత్రములో డెమ్మీ పుటకు దక్కునది నూటికి నలుబది వంతులు మాత్రమే. ఒక పుట వచనము రెండున్నర పుటలగును. కావున వచనచట్రములను ఒకదానితో నొకటి ముడివేసి, వచనము పెరిగినకొలది పుటలు తమంతట చేరునట్లు ముందే అమర్చుకొనవలెను. అట్లు చేయనిచో మిగిలిన పంక్తులు చట్రము వెనుక దాగి, దాని మూలయందు చిన్న ఎర్రని ప్లస్ గుర్తు మాత్రము కనబడును.

అక్షరములను గూడ కుదించు ‘అడ్జస్ట్ లేఅవుట్’ అను సదుపాయము 2018లో వచ్చినది. ఇంగ్లీషునకంటె తెలుగునకు దీనియెడ ఎక్కువ జాగ్రత్త యవసరము. పండ్రెండు పాయింట్ల అక్షరము ఏ4 నుండి ఏ5కు అదే నిష్పత్తిలో దిగినచో ఎనిమిదిన్నర పాయింట్లగును. ఇంగ్లీషు పాఠకుడు దానిని కొంత ఓర్చుకొని చదువవచ్చును. కాని ‘రాష్ట్రము’, ‘శాస్త్రము’ వంటి పదములలో ఒకదానిక్రింద నొకటిగ ఒదిగిన ఒత్తులు ఆ పరిమాణమున మసిబొట్టులై పోవును. అదృష్టవశమున, ఇంతకు తగ్గరాదని కనిష్ఠ పరిమాణమును విధించుటకు వీలున్నది. పంక్తుల నడుమ ఎడమును గూడ అట్లే కాపాడుకొనవలెను. అది తరిగినచో పై పంక్తి ఒత్తులు క్రింది పంక్తి గుడులను తాకును. కాలము వెడల్పు తగ్గినకొలది మన దీర్ఘసమాసములు పంక్తిలో ఇముడక, ఇరువైపుల సరిచేసిన వచనమున పదముల నడుమ కాలువలు పడును. అట్టి చోట రెండు కాలములను ఒకటిగ చేయుటయో, కుడివైపును సరిచేయక విడుచుటయో మేలు. ఈ నిర్ణయము యంత్రమునకు తెలియునది కాదు.

కొన్నియేండ్ల క్రిందట ఒక స్మారకసంచికను ఏ4 నుండి డెమ్మీకి మార్చు పని నాకు లభించినది. మూడు దినములు పట్టునని తలచిన పని ఒక్క పూటలో ముగిసెను. ఆ సంతోషమున ఒక వ్యాసపు చివరి చట్రము మూలనున్న ఎర్ర గుర్తును నేను చూడలేదు. పుస్తకము కుట్టి వచ్చిన పిదప, దివంగతుని కుమార్తె తన వ్యాసము నాలుగు పంక్తులు తక్కువైనదని చూపినది. ఆమె తన తండ్రికి నమస్కరించినది ఆ నాలుగు పంక్తులలోనే. నాటినుండియు, పుటకొలత మార్చిన ప్రతిమారును, ఒక్క పుటనైనను విడువక, చట్రముల కుడి మూలలనే మొదట చూచుచున్నాను.