తైవాన్ పంపు మొరాయిస్తోందా? ముందు స్క్రూ ముట్టుకోకండి

మిరపలో తామర పురుగు కనబడింది. పొద్దున్నే మందు కలిపి డ్రమ్ము నింపారు. కూలీలు గట్టు మీద నిలబడ్డారు. తాడు లాగితే పంపు స్టార్టు కాదు. ఇరవైసార్లు లాగినా అంతే. కలిపిన మందును రేపటికి ఉంచడానికి లేదు, పొద్దెక్కితే గాలి లేస్తుంది. సరిగ్గా ఈ తొందరలోనే చాలామంది రైతులు స్క్రూడ్రైవరు పట్టుకుని కార్బురేటరు మీద పడతారు. చిన్న జబ్బు పెద్దదయ్యేది ఇక్కడే.

వీపున తగిలించుకునే ఈ పెట్రోలు పంపుల్లో చాలావాటికి ఉండేది టూ స్ట్రోక్ ఇంజను. అది నడవాలంటే కావలసినవి నాలుగే. నూనె కలిసిన మంచి పెట్రోలు, ప్లగ్గులో నిప్పురవ్వ, శుభ్రమైన గాలి, సిలిండరులో బిగువు. ఈ వరుసలో చూసుకుంటూ పోతే చాలావరకు తేడా గట్టు మీదే దొరికిపోతుంది.

పెట్రోలుతోనే మొదలు

కిందటి సీజను పెట్రోలు ట్యాంకులో మిగిలి ఉంటే దాన్ని పారబోయాల్సిందే. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు కలుస్తోంది. ఇథనాలు గాలిలోని చెమ్మను లాక్కుంటుంది. నీరు ఎక్కువైతే ఆ నీరు, ఇథనాలు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. నూనె మాత్రం పైన పెట్రోలుతోనే ఉండిపోతుంది. ఇంజను పీల్చేది అడుగు నుంచి! స్టార్టు కాకపోతే అదృష్టమే అనుకోవాలి. ఎలాగో స్టార్టయితే నూనె లేకుండా తిరిగి పిస్టను పట్టేస్తుంది.

టూటీ ఆయిలు ఎంత కలపాలన్నది పంపుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. 25కు 1 అని ఉంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు, 50కి 1 అని ఉంటే 20 మిల్లీలీటర్లు. మూతతో, కంటి అంచనాతో పోయొద్దు. మందు కొలిచే గ్లాసు కాకుండా వేరే కొలత గ్లాసు పెట్టుకోండి. ట్యాంకులో కాదు, బయట క్యానులో కలిపి బాగా కుదిపి పోయాలి. ట్రాక్టరులో పోసే ఇంజనాయిలు దీనికి పనికిరాదు. ఫోర్ స్ట్రోక్ పంపులు కూడా వచ్చాయి. వాటికి నూనె పోసే రంధ్రం విడిగా ఉంటుంది, పెట్రోలులో నూనె కలపనక్కర్లేదు. ఇంట్లో రెండు రకాలూ ఉంటే క్యాన్లకు గుర్తు పెట్టుకోవడం మంచిది.

పంపు పావుగంట బాగా నడిచి ఆగిపోతుంది, కాసేపాగి లాగితే మళ్లీ నడుస్తుంది. ఇలా జరిగితే పెట్రోలు ట్యాంకు మూత వదులు చేసి చూడండి. మూతకున్న సన్న గాలి రంధ్రం దుమ్ముతోనో, మందు పొడితోనో పూడుకుపోతే ట్యాంకులోకి గాలి వెళ్లదు, పెట్రోలు దిగదు. పైసా ఖర్చు లేని పని ఇది. దీనికోసం పంపును మండలానికి మోసుకెళ్లే వాళ్లున్నారు.

ప్లగ్గు చెప్పే కబురు

పెట్రోలు బాగుంటే ప్లగ్గు విప్పండి. ఇంజను చల్లారాకే సుమా. ప్లగ్గు తడిసి ఉంటే పెట్రోలు ఎక్కువైందని అర్థం. తుడిచి ఆరబెట్టి, చోకు తీసేసి, ప్లగ్గు లేకుండానే నాలుగైదుసార్లు తాడు లాగితే లోపలిది బయటికి పోతుంది. ఎన్నిసార్లు లాగినా పొడిగానే ఉంటే పెట్రోలే రావడం లేదు. ట్యాంకు లోపలి చిన్న ఫిల్టరు, పైపు చూడండి. నల్లగా జిడ్డు పట్టి ఉంటే నూనె ఎక్కువైనట్టు, లేదా ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయినట్టు. కాఫీపొడి రంగులో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉంది. తెల్లగా కాలినట్టుంటే మాత్రం ఆ రోజు పంపు ఆపేయండి. పెట్రోలు తక్కువై, గాలి ఎక్కువై ఇంజను కాగిపోతోంది.

నిప్పురవ్వ చూడాలంటే ప్లగ్గును టోపీకి తగిలించి, దాని ఇనుప ఒంటిని ఇంజను లోహానికి ఆనించి తాడు లాగాలి. ప్లగ్గు రంధ్రానికి, ఒలికిన పెట్రోలుకు దూరంగా పెట్టాలి, లేకపోతే మంటలు లేస్తాయి. నీలంగా చిటపటమంటే సరే. రవ్వ రాకపోతే కొత్త ప్లగ్గు వేసి చూడండి. అంతకుముందు ఆపే స్విచ్చు ఏ వైపుందో చూసుకోండి! ఆ స్విచ్చు వైరు ఒరుసుకుపోయి ఇంజనుకు తగులుతున్నా రవ్వ పుట్టదు.

అరుపు చూసి మురవొద్దు

చోకు వేస్తేనే నడిచి, తీయగానే ఆగిపోయే పంపులో కార్బురేటరు జెట్టు పూడి ఉంటుంది, లేదా గాస్కెట్టు దగ్గర గాలి లాగుతుంటుంది. దీనికి మందు శుభ్రం చేయడం, గాస్కెట్టు మార్చడం. స్క్రూ తిప్పడం కాదు. చాలా కార్బురేటర్లలో స్క్రూ బిగించే కొద్దీ పెట్రోలు తగ్గుతుంది, ఇంజను సన్నగా, చురుగ్గా అరుస్తుంది. ఊపందుకుందని రైతు సంతోషపడతాడు. పెట్రోలు తగ్గితే అందులోని నూనే తగ్గుతుంది. ఎండలో ఓ గంట అలా నడిస్తే పిస్టను, సిలిండరు గీతలు పడతాయి. అప్పుడు బాగు చేయించే ఖర్చుకు మరికొంత కలిపితే కొత్త పంపే వస్తుంది.

రేడియోతో ఎగరేసే బొమ్మ హెలికాప్టర్లలోనూ చిన్న టూ స్ట్రోక్ ఇంజన్లు ఉన్నాయి. వాటికి పెట్రోలు బదులు మిథనాలు, నైట్రోమీథేన్, నూనె కలిపి పోస్తారు. అవి ఎగరేసేవాళ్లు వెనకాల సన్నటి పొగ తీగ కనబడుతోందా అని చూస్తుంటారు. పొగ లేదంటే ఇంజనుకు ఇంధనం చాలడం లేదని దించేస్తారు. జపాన్‌లో యమహా కంపెనీ 1987 నుంచి వరి పొలాలపై మందు కొట్టే మనిషి లేని హెలికాప్టర్లు అమ్మింది. 1997లో వచ్చిన ఆర్‌మ్యాక్స్‌లో ఉన్నది 246 సీసీ టూ స్ట్రోక్ ఇంజనే. మన పంపుకూ పొగ లెక్క ఒకటే. కాస్త పొగ వస్తుంటే నూనె అందుతున్నట్టు.

స్టార్టయినా బరువు లాగకపోతే సైలెన్సరు విప్పి మసి గీకండి. తాడు లాగేటప్పుడు చేతికి బిగువే తగలకపోతే రింగులు అరిగి ఉండవచ్చు, అది మెకానిక్కు పని. ఇంజను చుట్టూ ఉన్న రేకుల మధ్య బురద, మందు పేరుకుంటే వేడి పోదు, బ్రష్షుతో దులపాలి. మందు ట్యాంకు ఖాళీ అయ్యాక పంపును ఉత్తగా తిప్పితే లోపలి సీళ్లు పోతాయి.

జెట్టును గానీ, నాజిల్‌ను గానీ నోటితో ఊదొద్దు. పైపుతో పెట్రోలు నోట పీల్చడం కూడా ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. సైకిలు పంపుతో గాలి కొట్టినా ఆ పని అయిపోతుంది. మందు చేతులు సబ్బుతో కడిగాకే ఇంజను విప్పండి.

పంట అయిపోయి పంపు మూల పెట్టేముందు పెట్రోలు ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయేదాకా నడపాలి. కార్బురేటరులోనూ చుక్క మిగలదు. ప్లగ్గు రంధ్రంలో అర చెంచా టూటీ ఆయిలు వేసి, తాడు మెల్లగా రెండుసార్లు లాగి, ప్లగ్గు బిగించి గోనె కప్పండి.