మేడిపండులో పురుగులు ఎందుకుంటాయి?

మేడిపండు విప్పితే లోపల పురుగులు కనిపిస్తాయి. పండు కుళ్లి పుట్టినవి కావవి. అవి లేకపోతే మేడిచెట్టుకు విత్తనాలే ఉండవు.

మనం కాయ అనుకునేది నిజానికి బోలెడన్ని చిన్న పూలను లోపల దాచుకున్న గుల్ల. దాని కొసన సన్నని రంధ్రం. అందులోంచి దూరి పుప్పొడి చేర్చేది మేడికే ప్రత్యేకమైన, ఆవగింజంత కందిరీగ. తల చదునుగానే ఉన్నా, దూరేటప్పుడు రెక్కలు ఊడిపోతాయి పాపం! ఒంటికంటిన పుప్పొడిని పూలకు చేర్చి, కొన్నింటిలో గుడ్లు పెట్టి అక్కడే చనిపోతుంది. ఆ గుడ్లలోంచి వచ్చే పిల్లలే మనకు కనిపించే పురుగులు. వాటిలో మగవాటికి రెక్కలుండవు. అవి గోడకు కన్నం తొలుస్తాయి. ఆడవి కొత్త పుప్పొడితో అందులోంచి ఎగిరిపోతాయి.

మర్రికి, రావికి వేరే కందిరీగలు. కోట్ల ఏళ్లుగా కాయ రంధ్రమూ కందిరీగ తలా ఒకదాన్నొకటి మలచుకుంటూ వచ్చాయి.

అసలు తమాషా ఇక్కడుంది. రెక్కలొచ్చాక ఈ కందిరీగ బతికేది ఒకటి రెండు రోజులే. ఆలోగా లేతకాయలున్న మరో మేడిచెట్టు దొరకాలి. కాబట్టే చెట్లన్నీ ఒకేసారి కాయవు. ఏడాదంతా ఎక్కడో ఒకచోట కాపు ఉంటుంది. వేరే పండ్లు దొరకని రోజుల్లో కోకిలలు, గబ్బిలాలు, కోతులు వీటితోనే కడుపు నింపుకుంటాయి. తిన్నచోట ఊరుకోవుగా, విత్తనాలను దూరదూరాలకు మోసుకెళ్లి మలంలో వదులుతాయి.